ముప్ఫై ఒకటో నంబరు

ఆ హైస్కూల్లో మెట్ల కింద ఒక గది ఉంది. సాయంత్రం ఐదు దాటితే దాని ముందు ఎవరూ నిలబడరు. ఊడ్చే ఆయమ్మ కూడా వరండా అంతా చీపురుతో గీరుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ తలుపు ముందు రెండు గజాలు వదిలేసి, అవతల మళ్ళీ మొదలుపెడుతుంది. కావాలంటే వెళ్ళి చూడండి. ఆ రెండు గజాల మేర దుమ్ము అలాగే ఉంటుంది.

ఏముంది ఆ గదిలో అంటే — విరిగిన బెంచీలు, చిరిగిన వాలీబాల్ వల, సుద్దముక్కల పెట్టెలు, బ్లీచింగ్ పౌడర్ బస్తా. అంతే. కానీ పొద్దుగూకాక ఆ తలుపు సందులోంచి సన్నగా ఈల వినిపిస్తుందంటారు. పెదాలతో వేసే ఈల కాదు... ఊపిరి అందనివాడి రొమ్ములోంచి వచ్చే ఈల.

రంగులు వేయడానికొచ్చిన మేస్త్రి ఒకాయన ఈ మాట విని పడీపడీ నవ్వాడట. "ఎలకలయ్యా బాబూ, ఎలకలు" అన్నాడట. ఆ సాయంత్రమే నిచ్చెన వదిలేసి, అన్నం డబ్బా వదిలేసి, బ్రష్షు మాత్రం చేతిలోనే పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తాడు. నిచ్చెన కోసం కూడా మళ్ళీ రాలేదు.

నాకు దెయ్యాలంటే భయం లేదు. నాది మైక్ సెట్ పని. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ స్పీకర్లు కట్టి, అందరూ పడుకున్నాక తీగలు చుట్టుకుని ఇంటికొచ్చే మనిషిని. దెయ్యం ఎదురొస్తే "కొంచెం ఆ పెట్టె ఇటు పట్టమ్మా" అని సాయం అడుగుతాను. నా కోపమంతా మనుషుల మీద. అందులోనూ ఆ స్కూలు మనుషుల మీద.

ఎందుకంటే — ఆ గదిలో ఒక పిల్లాడిని పెట్టి తాళం వేసింది మా నాన్నే అని లోకమంతా నమ్మింది.

మా నాన్న అక్కడ అటెండరు. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. పదో తరగతిలో ఉబ్బసం ఉన్న పిల్లాడొకడుండేవాడు. నాలుగు మెట్లెక్కితే చాలు, రొమ్ములో కూత పెట్టేది. అందుకని వాడికి 'ఈల' అని పేరు పెట్టారు. పిల్లలు దేవుళ్ళతో సమానం అంటారే, ఆ అనేవాళ్ళు బడి ముఖం చూసి ఉండరు.

ఒక శనివారం సాయంత్రం ఈల ఇంటికి రాలేదు. ఆదివారమంతా ఆస్పత్రులు, బస్టాండు, చుట్టాల ఇళ్ళు వెతికారు. సోమవారం పొద్దున సుద్దముక్కల కోసం మా నాన్న ఆ గది తలుపు తీశాడు. తలుపుకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే... నాన్న కాళ్ళ మీద పడ్డాడు. అప్పటికే ప్రాణం లేదు.

ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దుటి హాజరు కాక, ఇంటికి వదిలే ముందు నాలుగింటికి మళ్ళీ హాజరు తీసేవాళ్ళు. గోడ దూకి సినిమాలకు పోయే వీరులను పట్టుకోవడానికి. లెక్కల మాస్టారు నంబర్లు చదివితే పిల్లలు "ప్రెజెంట్ సార్" అనాలి. ఆ వెంటనే వరసగా గేటు దాటించేసేవాళ్ళు. ఆ శనివారం సాయంత్రం ముప్ఫై ఒకటో నంబరుకి, అంటే ఈలకి, రిజిస్టర్లో హాజరు పడి ఉంది.

"ఐదింటికి నేను వెళ్ళేసరికే తాళం పడి ఉందండీ. తట్టాను, పిలిచాను... ఎవరూ పలకలేదండీ" అన్నాడు మా నాన్న విచారణలో. అది తాళంచెవి లేకపోయినా నొక్కితే పడిపోయే తాళం. పగలంతా గొళ్ళేనికి తెరిచి తగిలించి ఉండేది. ఎవరైనా నొక్కేయొచ్చు.

"నాలుగింటికి క్లాసులో 'ప్రెజెంట్' అన్నవాడు అప్పటికే గదిలో ఎలా ఉంటాడయ్యా? పిల్లలంతా వెళ్ళిపోయాక ఏదో మర్చిపోయి వెనక్కొచ్చుంటాడు. నువ్వు లోపల చూడకుండా నొక్కేశావు. అంతేగా?" అన్నారు.

అంతే. రిజిస్టర్ నిజం, మనిషి అబద్ధం. ఉద్యోగం పీకేశారు. ఆ తర్వాత మా నాన్నని ఎవరూ పనిలో పెట్టుకోలేదు. చివరికి ఒక గోడౌన్‌లో బస్తాలు మోసి మమ్మల్ని పెంచాడు. మా అమ్మ ఆ దిగులుతోనే పోయింది. నేనప్పుడు ఆరో తరగతి. నా అసలు పేరు జనం మర్చిపోయారు — 'తాళంగాడు' అనేవాళ్ళు. 'ఒరేయ్ తాళం, ఇవాళ ఎవర్ని మూసేశారు రా మీ ఇంట్లో?' అని అడిగేవాళ్ళు. అన్నవాడి పళ్ళు రాలగొట్టాను గానీ, ఎంతమందివని రాలగొట్టను!

ఈల వాళ్ళమ్మ కుట్టుపని చేసేది. మాకు రెండు వీధుల అవతలే ఇల్లు. టైలరమ్మ అంటారు అందరూ. మా నాన్న ఆ వీధిలో కనబడితే మిషను ఆపి, గుమ్మంలోకొచ్చి, "నీ చేతులు పడిపోనూ!" అనేది. అరిచేది కాదు. మామూలుగా... మంచినీళ్ళు అడిగినట్టు అనేది. మా నాన్న తలొంచుకుని వెళ్ళిపోయేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయేది. "నువ్వు చెయ్యలేదని చెప్పవేం నాన్నా? ఆ క్లాసులో ఎవడో దొంగ హాజరు పలికాడు. వాడే తాళమూ నొక్కాడు. వాడెవడో తేలిస్తే చాలు కదా!" అని ఎగిరేవాణ్ణి.

"వదిలేయ్ రా" అనేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అదొక్కటే మాట. నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాను. మంచివాళ్ళంతా ఇంతే అని తిట్టుకున్నాను. నేను మాత్రం వదల్లేదు. వాడెవడో తెలియాలి, వాడి నోటితోనే నలుగురి ముందు చెప్పించాలి, ఆ టైలరమ్మ మా నాన్న గుమ్మంలోకొచ్చి తప్పయిందనాలి. చచ్చేలోగా నాకు కావలసింది అదొక్కటే.

మొన్నామధ్య ఫోనొచ్చింది. ఒక డాక్టరమ్మ.

"తమ్ముడూ, మా పదో తరగతి బ్యాచ్ ముప్ఫై ఏళ్ళకు కలుస్తున్నాం. స్కూల్లోనే, శనివారం సాయంత్రం. అరవై మందిమి. మంచి మైక్ సెట్ కావాలి."

ఏ సంవత్సరం బ్యాచమ్మా అని అడిగాను. చెప్పింది.

ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవిడ "హలో... హలో" అంటోంది. "వస్తానమ్మా. తప్పకుండా వస్తాను" అన్నాను.

"ఇంకో సంగతి. చివర్లో మా లెక్కల మాస్టారితో పాత రిజిస్టర్ పెట్టి హాజరు తీయిస్తున్నాం, అప్పట్లోలాగే. సరదాగా ఉంటుంది కదా!"

"చాలా సరదాగా ఉంటుందమ్మా" అన్నాను పళ్ళు కొరుక్కుంటూ.

ఆ రాత్రి బాత్‌రూంలో దూరి రికార్డర్ పెట్టుకుని గొంతు సన్నం చేసి, రొమ్ములోంచి ఈల లాగుతూ "ప్రెజెంట్... సార్" అని పదిసార్లు రికార్డు చేశాను. మా ఆవిడ తలుపు బాదింది. "ఏం రోగం మీకు? మందేమైనా ఇవ్వమంటారా?" అంది. పదకొండోసారి బాగా వచ్చింది.

శనివారం సాయంత్రం. స్కూలు మధ్య ఖాళీ స్థలంలో కుర్చీలు, ఒక పక్క స్టేజి. ఎదురుగా వరండా, వరండా చివర మెట్లు. మెట్ల కింద... ఆ గది. తాళం వేసే ఉంది. దీపాల తోరణం మెట్ల దాకా కట్టమంటే కట్టే కుర్రాళ్ళు పది గజాల ఇవతలే ముడేసి దిగిపోయారు.

వచ్చారండీ అందరూ! బొర్రలు, బట్టతలలు, జుట్టుకు రంగులు. "నువ్వేనట్రా? నీ నడుమేమైంది రా?" అని ఒకడు, "నీ జుట్టుతో పాటే పోయిందిరా" అని ఇంకొకడు. ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా గుక్క తిప్పుకోకుండా కబుర్లు. ఒకామె వెనక బెంచీ వెతుక్కుని, తన పేరు చెక్కిన చోట తడిమి ఏడ్చింది. చూస్తే ముచ్చటగానే ఉంది. వాళ్ళ నవ్వులు వింటూ, వీళ్ళలో ఎవడు రా నువ్వు... ఎవడు... అని ఒక్కో ముఖమూ చూస్తూ కూర్చున్నాను.

కార్యక్రమం నడిపించేది వాళ్ళ క్లాస్ లీడర్. ఇప్పుడేదో కాలేజీకి ప్రిన్సిపాలట. ఇప్పటికీ అందరూ 'లీడర్' అనే పిలుస్తున్నారు. చేతిలో మైకు బరువట ఆయనకి — కాలర్‌కి గుచ్చే చిన్న మైకు కావాలన్నాడు. నేనే గుచ్చాను.

"నిన్నెక్కడో చూసినట్టుందే" అన్నాడు.

"మైకులవాళ్ళమందరం ఒకలాగే ఉంటాం సార్" అన్నాను.

మాటకారి. హెడ్మాస్టర్ దగ్గు, తెలుగు మాస్టారి ముక్కుగొంతు, డ్రిల్లు మాస్టారి కేక — అన్నీ దింపేశాడు. జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. "అప్పట్లో వీడు దింపని గొంతు లేదు. మా అందరి గొంతులూ వీడి దగ్గరుండేవి!" అంది డాక్టరమ్మ మైకులో.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

చీకటి పడ్డాక లెక్కల మాస్టారిని స్టేజి ఎక్కించారు. ఎనభై దాటాయి. చెవులు బాగా మందం. చేతిలో అదే పాత రిజిస్టరు. ముప్ఫై ఒకటి వదిలేయమని డాక్టరమ్మ ఆయన చెవిలో చెప్పడం చూశాను. ఆయన తలూపాడు. వినపడిందో లేదో ఎవరికి తెలుసు!

"ఒకటి."

"ప్రెజెంట్ సార్!" — మీసాలు నెరిసిన మనిషి చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. ఒకటే నవ్వులు.

"రెండు..." "మూడు..."

అలా సాగింది. నా బొటనవేలు రికార్డర్ మీద ఉంది. చెమటకి జారుతోంది. ఇరవై తొమ్మిది. ముప్ఫై.

మాస్టారు ఆగలేదు. నలభై ఏళ్ళు నంబర్లు చదివిన నోరది.

"ముప్ఫై ఒకటి."

ఠక్కున నవ్వులు ఆగిపోయాయి.

నొక్కాను.

నాలుగు స్పీకర్లలోంచి... సన్నగా... ఈల. లోపలికొక ఈల, బయటికొక ఈల. తర్వాత —

"ప్రెజెంట్... సార్."

ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. గ్లాసు పగిలింది. చెవిటి మాస్టారు మాత్రం కలం తీసి, ముప్ఫై ఒకటికి ఎదురుగా హాజరు వేసి, "ముప్ఫై రెండు" అన్నాడు.

నేను ముఖాలు చూస్తున్నాను. అదే నాకు కావలసింది. అరవై తలలూ శబ్దం వచ్చిన వైపుకి, స్పీకర్ల వైపుకి తిరిగాయి. ఒక్క తల మాత్రం అటు తిరగలేదు. వరండా చివరికి... మెట్ల కింద గది వైపుకి తిరిగింది.

లీడర్.

దొరికావు రా. ముప్ఫై ఏళ్ళకి దొరికావు!

"ఎవర్రా ఈ పాడు పని చేసింది? చచ్చిపోయిన పిల్లాడితో వేళాకోళమా?" అని డాక్టరమ్మ నిప్పులు చెరిగింది. అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ చూడలేదు. మైకు వాణ్ణి ఎవరు చూస్తారు? ఆవిడే తేరుకుని, సరే భోజనాలకు లేవండి అంది. పళ్ళాలు చప్పుడయ్యాయి. కాసేపటికి గుసగుసలు, ఆ తర్వాత మెల్లగా మాటలు.

లీడర్ కుర్చీ ఖాళీగా ఉంది.

మా మిక్సర్ మీద ఒక్కో మైకుకీ ఒక్కో మీట ఉంటుంది. పైకి తోస్తే స్పీకర్లలోకి పోతుంది, కిందికి లాగితే పోదు. కానీ నా చెవులకుండే హెడ్‌ఫోన్‌లో మాత్రం ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. లీడర్ కాలర్‌కి ఇంకా మైకు ఉంది. ఆ సంగతి మర్చిపోయాడు.

అందుకే ముందే చెబుతున్నాను — ఇక్కడి నుంచి ఆ గది దగ్గర జరిగింది నేను చూసింది లేదు. విన్నదే.

అడుగుల చప్పుడు. వరండాలో... ఆగి ఆగి. బూట్ల కింద దుమ్ము నలిగింది. అంటే ఆ రెండు గజాల మేరలోకి వచ్చాడు. తర్వాత తలుపుకి చెయ్యి ఆనిన చప్పుడు.

"ఒరేయ్... ఈలా..."

గుసగుస.

"నువ్వేనట్రా?"

మీటని మెల్లగా... మెల్లగా పైకి తోశాను. చివరిదాకా తోశాను.

"నేను ఊరికే నొక్కాన్రా" అంది లీడర్ గొంతు, నాలుగు స్పీకర్లలోంచి.

పళ్ళాల చప్పుడు ఆగిపోయింది. తన గొంతు అంత గట్టిగా మోగుతున్నా వాడికి మాత్రం పట్టినట్టు లేదు.

"సుద్దముక్కల కోసం నువ్వు లోపలికెళ్ళావు. సరదాకి నొక్కా. గంట కొట్టాక తీద్దామనుకున్నా. తాళంచెవి నా దగ్గర లేదని నొక్కాక గుర్తొచ్చింది... మాస్టారు హాజరు తీస్తున్నాడు. నువ్వు లేవని తెలిస్తే నా తోలు తీస్తారు. అందుకని నీ గొంతుతో నేనే పలికా. ఐదింటికి అటెండరు వచ్చి తీస్తాడులే అనుకుని ఇంటికెళ్ళిపోయా రా... ఒట్టు. తర్వాత అంతా అటెండరు మీదకి పోయింది. నేను నోరు మూసుకున్నా. నాకు పదిహేనేళ్ళు రా అప్పుడు... ఏం చెయ్యమంటావు!"

అరవై మందిలో ఒక్కరూ కదల్లేదు. డాక్టరమ్మ చేతిలో గరిట అలాగే గాల్లో ఉంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వినండి రా, బాగా వినండి! 'తాళంగాడి' నాన్న కాదు రా వేసింది! అని అరవాలనిపించింది. వాడి ఉద్యోగం పోవాలి, వాడి పిల్లల్ని వీధిలో వెక్కిరింత పేరు పెట్టి పిలవాలి, వాడు తలొంచుకుని నడవాలి అనుకున్నాను. కడుపారా అనుకున్నాను.

అప్పుడు వినిపించింది.

ఈల.

లోపలికొకటి... బయటికొకటి.

నా రికార్డర్ వైపు చూశాను. దాని దీపం ఆరిపోయి ఉంది. నేను ముట్టుకోలేదు.

"అటెండరు వచ్చాడు రా..." అంది ఒక పిల్లాడి గొంతు. నేను చేసిన గొంతులాంటిది కాదు. దాని పక్కన నాది వట్టి వేషం. "వచ్చాడు... తట్టాడు... 'లోపల ఎవరు బాబూ' అని పిలిచాడు..."

జనంలోంచి ఒక్కసారిగా ఊపిరి వదిలిన శబ్దం. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిలిచాడు. ముప్ఫై ఏళ్ళుగా మా నాన్న చెప్పింది అక్షరాలా అదే. ఇప్పుడు చచ్చినవాడే సాక్ష్యం చెబుతున్నాడు!

"నాకు గొంతు రాలేదు..." ఈల. "అందుకని చేత్తో..."

ఎందుకో చెప్పలేను. నా వేలు దానంతటదే మీటని కిందికి లాగేసింది. స్పీకర్లు మూగపోయాయి. మిగతాది నా హెడ్‌ఫోన్ ఒక్కదానిలోనే వినిపించింది.

"...చేత్తో తలుపు కొట్టా. మూడుసార్లు. ఆయన విన్నాడు రా. విని... పరిగెత్తాడు."

ఆ తర్వాత టక్... టక్... టక్ మని, చెక్క మీద. మరేమీ లేదు.

అప్పటికే అందరూ వరండాలోకి పరిగెత్తారు. నేనూ వెళ్ళాను. లీడర్ తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిలిస్తే చూస్తున్నాడు గానీ నోరు పెగలడం లేదు. తలుపు మీద తాళం వేసినది వేసినట్టే ఉంది.

డాక్టరమ్మ నాడి చూసింది, కళ్ళలో టార్చి వేసింది. "షాక్. పాపం తినేసింది వీణ్ణి" అంది. "ఆ రెండో గొంతో?" అని ఎవరో గొణిగారు. "ఇంకెవరిది? వీడిదే. గొంతులు దింపడం వీడికి కొత్తా? మతి చలించి రెండు వైపులా తనే మాట్లాడాడు."

అందరూ అమ్మయ్య అనుకున్నారు. అందరికంటే ఎక్కువగా నేను అనుకున్నాను. అవును, వాడి గొంతే. అయితే ఆ చివరి మాటలు వాడి కల్పన. మాట పడిపోతూ కూడా మా నాన్న మీదకే తోశాడు, దొంగ వెధవ. తీగలు చుట్టుకుంటూ ఇదే మాట పదిసార్లు నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున మా ఇంటికి జనం వచ్చారు. ముందు డాక్టరమ్మ, వెనక ఆ బ్యాచ్ వాళ్ళు పదిమంది. లెక్కల మాస్టారిని చెయ్యి పట్టి నడిపించుకొచ్చారు. మాస్టారు మా నాన్నని చూసి, "తప్పు రాశానయ్యా... రిజిస్టర్లో తప్పు రాశాను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లీడర్‌కి ఇంకా మాట రాలేదని, కాలేజీ వాళ్ళు ఇంకొకాయన్ని కూర్చోబెట్టబోతున్నారని డాక్టరమ్మ చెప్పింది. రాకూడదు, ఎప్పటికీ రాకూడదు అనుకున్నాను.

వాళ్ళ వెనకాల టైలరమ్మ వచ్చింది.

ముసలిదైపోయింది. గుమ్మంలో ఒక నిమిషం నిలబడింది. తర్వాత లోపలికొచ్చి మా నాన్న ముందు నేల మీద కూర్చుని, ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"అన్నా... ఈ చేతులు పడిపోవాలని రోజూ తిట్టాను. ముప్ఫై ఏళ్ళు. మా వాణ్ణి పిలిచిన మనిషివి నువ్వొక్కడివే అని ఇప్పుడు తెలిసింది. నన్ను క్షమించు."

ఆ చేతుల్ని కళ్ళకద్దుకుంది.

మా నాన్న ఆమె ముఖం చూడలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. మా ఆవిడ చెంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకు కడుపు నిండిపోయింది. ఈ ఒక్క క్షణం కోసమే బతికానని, ఇక నాకేమీ అక్కర్లేదని అనుకున్నాను.

అందరూ వెళ్ళిపోయారు. మా ఆవిడ వాళ్ళని సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్ళింది. ఇంట్లో నేనూ, నాన్నా.

నేను ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. నాన్న తలెత్తకుండానే అడిగాడు.

"ఆ పిల్లాడు... అంతేనా చెప్పింది?"

"అంతే నాన్నా. నువ్వు వచ్చావనీ, పిలిచావనీ చెప్పాడు. తనకి గొంతు రాలేదన్నాడు. అది కూడా ఆ లీడర్‌గాడే గొంతు మార్చి అన్నాడులే."

"కాదు" అన్నాడు నాన్న. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. "తను తలుపు కొట్టానని చెప్పలేదా?"

హెడ్‌ఫోన్‌లో నేనొక్కణ్ణే విన్న మాట అది.

"మూడుసార్లు కొట్టాడు రా. లోపల్నుంచి. ఆ గదికి అప్పటికే చెడ్డపేరు ఉండేది. మెట్లు కట్టేటప్పుడు ఎవరో కూలీ పడి చనిపోయాడట, సాయంత్రం పూట తలుపు కొడతాడని నాకు ముందున్న అటెండరు చెప్పేవాడు. నేను పిలిస్తే ఎవరూ పలకలేదు... తర్వాత టక్ టక్ టక్‌మంది. పై ప్రాణాలు పైనే పోయాయి. దెయ్యమనుకున్నా రా. గేటు దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తా. తాళంచెవి నా జేబులోనే ఉంది..."

నాన్న చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఆదివారం వెతుకుతున్నారని తెలిసింది. అప్పుడు కూడా... అయ్యుండదులే అనుకున్నా. అయ్యుండదు, అయ్యుండదు అనుకుంటూ సోమవారం పొద్దున దాకా ఆగా."

ఎవడి పీక పట్టుకుందామా అని ముప్ఫై ఏళ్ళు తిరిగాను నేను. ఆ పీక నా ఎదురుగానే ఉంది. ఎముకలు తేలి, గుండీ పెట్టని చొక్కాలోంచి కదులుతోంది. తినిపించి, బస్తాలు మోసి పెంచిన మనిషి పీక. నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు. అయినా వచ్చింది. ఆయన మీదే వచ్చింది.

నాన్న గోడ పట్టుకుని లేచాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి తప్పు కన్నంలో పడింది.

"ఎక్కడికి నాన్నా?"

"ఆవిడ ఇంటికి. నా చేతులు కళ్ళకద్దుకుంది రా... చెప్పి రావాలి" అన్నాడు. గుమ్మం పక్కన, బల్ల కింద వంగి వంగి చూశాడు. "నా చెప్పులెక్కడ పెట్టావు?"

చెప్పులు నా కుర్చీ కిందే ఉన్నాయి. నేను చెప్పలేదు.